బోరింగు మీద ముప్పై ఆరు వోల్టులు

"బోరింగు ఆ పిల్లను కొరుకుతాందట," అంది మా ఆవిడ, చాటలో బియ్యం ఏరుతూ.

"బోరింగు కొరుకుడేందే? దానికి పండ్లున్నయా?" అన్నాను.

"నాకేమెరుక? చెయ్యి పట్టంగనే గుంజుతాందట. మిగిలినోళ్లను ఏమంటలేదు, గా పిల్లనే పడ్తాంది. ఇరవై దినాలాయె, వాగుకు పోయి తెచ్చుకుంటాంది నీళ్లు. నువ్వు పేపరు సదువుకుంట కూసో."

మొన్నటి ఎండాకాలపు మాట ఇది. నేను ఇల్లందు గనుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. ఆ తర్వాత భద్రాచలం వైపు అడవి అంచున, మా ఆవిడ పుట్టిన గూడెంలోనే ఇల్లు వేసుకున్నాం. గూడెంలో నలభై గడపలుంటే మా ఆరిళ్లు మాత్రం ఆదివారం ప్రార్థనకు కూడుకుంటాయి. మిగిలినవాళ్లకు వాళ్ల వేల్పులున్నారు, వాళ్ల పండుగలున్నాయి. ఎవరి దారి వాళ్లదే అయినా, నీళ్ల దగ్గర మాత్రం అందరిదీ ఒకటే దారి. ఇంటింటికీ నల్లా ఉంది కాని ఎండాకాలంలో అది దగ్గుతుంది తప్ప నీళ్లివ్వదు. అందుకే అందరం మా ప్రార్థన షెడ్డు పక్కనున్న బోరింగు దగ్గరికే బిందెలు తీసుకుపోతాం.

ఆ పిల్ల గూడెంలో ఒకరింటికి కొత్త కోడలు, గోదావరి అవతలి నుంచి వచ్చింది. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న పెళ్లి, పెద్దవాళ్లు తర్వాత ఒప్పుకున్నారు. అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త కోడలిని ఇంటి వేల్పుకు చూపించేదాకా ఆమె ఊళ్లో చెప్పులు తొడగకూడదు. ఊరి నీళ్లను అందరి తర్వాతే పట్టుకోవాలి. ఆ ఏడాది దాయాదుల్లో ఎవరో పోయి, మైల పట్టి, వేల్పు పండుగ వెనక్కి పోయింది. పాపం ఆ పిల్ల అందరూ పట్టుకుపోయాక, మిట్టమధ్యాహ్నం, ఉత్త కాళ్లతో వచ్చేది. పద్ధతులను వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. మా ఇళ్లలో ఉన్నవి రాస్తే ఇంతకంటే పొడుగవుతుంది.

మొదటిసారి చెయ్యి జివ్వుమంటే ఆమె ఎవరికీ చెప్పలేదు. రెండోసారి బిందె కాలిమీద పడింది. మూడోసారి పిడికిలి బిగుసుకుపోయి హ్యాండిలును వదల్లేకపోయింది. కాలు జారి వెనక్కి పడటం వల్ల పట్టు ఊడింది, లేకపోతే ఊడేది కాదు. ఆ పడటం అత్త చూసింది. సాయంత్రానికల్లా గూడెమంతా ఒకటే మాట. వేల్పుకు చూపకుండా తెచ్చుకున్న పిల్లను భూమి ఒప్పుకోవడం లేదని, నీళ్లు ఆమెను తోసేస్తున్నాయని. ఆమెను బోరింగు దగ్గరికి రానివ్వడం మానేశారు. ఇక శుక్రవారం పంచాయితీ. ఆ పిల్లను పుట్టింటికి పంపేయాలని అత్త పట్టు. మొగుడు తల వంచుకుని తిరుగుతున్నాడు.

"శుక్రవారం అంటే రేప్పొద్దున గదనే," అన్నాను.

"అందుకే చెప్పబడితి," అంది మా ఆవిడ.

కొలవకుండా తీర్పు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. దానికి కారణముంది. నేను నాలుగో తరగతి దాటలేదు. గనిలో నా పని దీపాల గదిలో. షిఫ్టు దిగి వచ్చినవాళ్ల తలదీపాలు తీసుకుని, బొగ్గు మసి తుడిచి, చార్జింగు గూట్లో పెట్టడం, మళ్లీ షిఫ్టు ఎక్కేవాళ్లకు ఇవ్వడం. బ్యాటరీ మీద నాలుగు వోల్టులని, బల్బు మీద ఒక ఆంపియరని రాసి ఉండేది. ఆ మాటలకు అర్థం చెప్పమని ఒక ఇంజనీరును అడిగితే, "లెక్క నీకెందుకు, తుడువు" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. ఎవరెవరు నవ్వారో కూడా గుర్తుంది.

పాత ఇనుము బేరగాడి దగ్గర చివరి పుటలు లేని ఐటీఐ పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని కూర్చున్నాను. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే తీగ పెట్టే అడ్డు ఎంతో వస్తుంది, దాన్ని ఓములంటారు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే దీపం తినే శక్తి వస్తుంది, దాన్ని వాట్లంటారు. నా తలదీపానికి వేసి చూసుకున్నాను. నాలుగును ఒకటితో భాగిస్తే నాలుగు ఓములు. నాలుగును ఒకటితో గుణిస్తే నాలుగు వాట్లు. రెండూ నాలుగే వచ్చేసరికి, ఓమూ వాటూ ఒకే సరుకుకు రెండు పేర్లనుకున్నాను. నమ్మండి, రెండేళ్లు అలాగే అనుకున్నాను. చెప్పేవాడు లేడు, అడిగితే నవ్వేవాళ్లున్నారు. ఒకరోజు అదే దీపంలోని చిన్న బల్బు చేతికొచ్చింది, అర ఆంపియరుది. భాగిస్తే ఎనిమిది ఓములు, గుణిస్తే రెండు వాట్లు. అడ్డు రెండింతలైంది, వెలుగు సగమైంది. ఆ రోజు దీపాల గదిలో ఒక్కణ్ణే నిలబడి గట్టిగా నవ్వాను. అప్పటి నుంచి నేను దేన్నీ కొలవకుండా నమ్మలేదు. నమ్మలేదనే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం, గూడెంలో కరెంటు పనులకు నేను వాడే మీటరు తీసుకుని బోరింగు దగ్గరికి పోయాను. అక్కడ ఎవరూ లేరు. ఎండకు ఊరు తలుపులు మూసుకుంది. మా షెడ్డులో మాత్రం కూలరు హోరుమంటోంది. మధ్యాహ్నాలు మా వాళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు అందులో నడుం వాలుస్తారు. పది అడుగుల దూరంలో తడిమట్టి చూసి ఒక ఇనుప మేకు దిగగొట్టాను. మీటరు తీగ ఒకటి మేకుకు, ఒకటి బోరింగు హ్యాండిలుకు ఆనించాను. ముల్లు లేచి నలభై ఐదు దగ్గర నిలబడింది.

నలభై ఐదు వోల్టులు. నీళ్లు పట్టుకునే ఇనుము మీద.

నాకు కోపం తన్నుకొచ్చింది. ఏ గాడిద కట్టాడురా దీనికి కరెంటు అనుకుంటూ బోరింగు గొట్టం చుట్టూ వెతికాను. మురుగు కాలువ పక్కన ఎండుటాకులు కాలితో జరిపితే తీగ కనబడింది. గొట్టానికి ఐదు చుట్లు చుట్టి, కొస మెలిపెట్టి, పైన సైకిల్ ట్యూబు పట్టీ బిగించి కట్టిన అతుకు అది. టేపు దొరకని రోజుల్లో గనిలో మేము అలాగే కట్టేవాళ్లం. గూడెంలో అలా కట్టడం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

ఆ కట్టు నాది.

కొన్నేళ్ల కింద ఒక వానాకాలంలో కొమ్మ విరిగిపడి షెడ్డుకు వచ్చే లైనులో న్యూట్రల్ తీగ తెగింది. కరెంటు తెచ్చే ఫేజు ఉంది, వెనక్కి తీసుకుపోయే న్యూట్రల్ లేదు. బల్బు వెలగాలంటే వచ్చిన కరెంటు వెనక్కి పోవడానికి ఒక దారి కావాలి. ఆ రోజు మా వాళ్లలో ఒకావిడ చనిపోయి, శవాన్ని షెడ్డులో ఉంచారు. మబ్బు పట్టి పగలే చీకటిగా ఉంది. కనీసం ఒక బల్బైనా వెలిగించాలని అందరూ నా ముఖం చూశారు. మా ప్రాంతంలో న్యూట్రల్ పోతే గడ్డపార భూమిలో దిగగొట్టి తీగను దానికి కట్టుకోవడం మామూలే. "ఎర్తు మీద నడుపుకొనుడు" అంటారు. గడ్డపార కంటే బోరింగు గొట్టం మేలు, నీళ్లదాకా దిగి ఉంటుంది. దానికే కట్టాను. బల్బు భగ్గుమంది. అందరూ "దేవునికి స్తోత్రం" అన్నారు, ఒకరిద్దరు నన్ను కూడా మెచ్చుకున్నారు.

నేను ఊరికే కట్టలేదు. లెక్క వేశాను. అరవై వాట్ల బల్బు, రెండువందల ముప్పై వోల్టులు. భాగిస్తే పావు ఆంపియరుకు కాస్త ఎక్కువ. బోరింగు మీద మీటరు పెడితే మూడు వోల్టులే చూపించింది. మూడును పావుతో భాగిస్తే, గొట్టం కింద భూమి పెట్టే అడ్డు పన్నెండు ఓములు. మూడు వోల్టులకు చీమ కూడా ఉలిక్కిపడదు. ఒక్క పూటకే కదా అనుకున్నాను. లైనుమను ఆ పూట రాలేదు, ఆ వారం రాలేదు. వాళ్లను తిట్టుకుంటూ పది రోజులు గడిపి, ఆ తర్వాత మరిచిపోయాను. ఇంజనీరు ముందు పక్కవాళ్లు నవ్విన నవ్వు నలభై ఏళ్లుగా మోస్తున్న నేను, నా చేత్తో కట్టిన తీగను మరిచాను.

ఈలోగా షెడ్డులోకి ఫ్యాన్లు వచ్చాయి, కూలరు వచ్చింది. పక్కన మూడిళ్లవాళ్లు షెడ్డులోంచే తీగ గుంజుకున్నారు. అందరి కరెంటూ నేను కట్టిన ఐదు చుట్లలోంచే భూమిలోకి పోతోంది. తీగ చుట్టూ కొక్కెంలా బిగించి ఆంపియర్లు కొలిచే మీటరు పెడితే ఒకటీ పాయింటు ఎనిమిది ఆంపియర్లు చూపించింది. నలభై ఐదును దానితో భాగిస్తే ఇరవై ఐదు. నీటిమట్టం దిగిపోయి, మట్టి ఎండిపోయి, భూమి అడ్డు రెండింతలైంది. గుణిస్తే ఎనభై ఒక్క వాట్లు. ఎవరికీ పనికిరాకుండా మట్టిని వెచ్చబెడుతున్నాయి ఆ ఎనభై ఒక్క వాట్లు. కూలరు సరిగా తిరగడం లేదని నాకు చెప్పుకున్నవాళ్లకు, కంపెనీ మంచిది కాదని నేనే చెప్పాను.

ఇక చివరి లెక్క. ఆ పిల్ల నిలబడే చోట, సిమెంటు గచ్చు పగిలి బురదైన చోట, మీటరు కొస పెట్టి చూశాను. హ్యాండిలుకూ ఆ బురదకూ మధ్య ముప్పై ఆరు వోల్టులు. తడి చేతులు, తడి కాళ్లు ఉన్న మనిషి ఒళ్లు పెట్టే అడ్డు ఓ పన్నెండువందల ఓములు అనుకోవచ్చు. ముప్పై ఆరును పన్నెండువందలతో భాగిస్తే ముప్పై మిల్లీ ఆంపియర్లు. పిడికిలి బిగుసుకుని వదల్లేకపోవడానికి అది చాలు. ఇంకాస్త సేపు పట్టుకుంటే గుండె లయ తప్పడానికీ చాలు. మిగిలిన ఆడవాళ్లు రబ్బరు చెప్పులతో, కూలరు పెట్టని పొద్దుటి పూట వస్తారు. చెప్పుల్లేకుండా, మధ్యాహ్నం పూట రావాలని కట్టుబడిన మనిషి ఒక్కతే. నేను వానాకాలంలో ఒక బల్బుకు వేసిన లెక్క ఆ పిల్ల ఒంటిమీద తేలింది.

షెడ్డు మెయిన్ స్విచ్చి దించేసి ఇంటికొచ్చాను. మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది.

"పోయి తెంపేసి ఊకుండు," అంది. "నువ్వు కట్టినవని చెప్పుడెందుకు? రేపటి నుంచి బోరింగు ఎవ్వలనూ ఏమనది. ముచ్చట అయిపాయె."

"మరి పంచాయితీ?"

"వాళ్ల ఇంటి సంగతి వాళ్లది. మనం ఆరిండ్లోళ్లం. గా షెడ్డు తోనే ఊరి నీళ్లు కరాబైనయంటే, రేపు మన ముఖం ఎవలు సూస్తరు? నేను పుట్టిన ఊరిది. నీకేం, నువ్వు ఇల్లందోడివి."

ఆమె మాటలో తప్పు లేదు. ఒప్పుకోవాలనిపించింది కూడా. తీగ తెంపడానికి కటింగ్ ప్లేయరు జేబులో వేసుకుని లేచాను. గడప దాటుతుంటే మాత్రం కాలు ఆగింది. నేను తెంపేస్తాను, రేపు ఆ పిల్లను పంపేస్తారు. ఎల్లుండి నుంచి బోరింగు ఎవరినీ కొరకదు. ఊరంతా ఏమంటుంది? చూడండి, ఆమె పోగానే భూమి చల్లబడింది అంటుంది. ఇప్పుడు అది అనుమానమే. నేను నోరు మూసుకుని తీగ తెంపిన మరుక్షణం అది రుజువవుతుంది. ఆ పిల్ల ఎక్కడికి పోయినా ఆ మాట ఆమె కంటే ముందు పోతుంది.

ప్లేయరు మళ్లీ గూట్లో పెట్టాను. మా ఆవిడ చూసింది. ఆ పూట నాకు అన్నం వడ్డించలేదు, గిన్నె ముందు పెట్టి పోయింది.

శుక్రవారం పొద్దెక్కాక పటేలు ఇంటి పందిరి కింద కూడుకున్నారు. గూడెం పెద్దను అందరూ పటేలనే పిలుస్తారు. ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది. పాతికేళ్లు కూడా ఉండవు. నన్ను చూడగానే అత్త లేచింది.

"ఏంది కరెంటు తాతా, నువ్వెందుకొచ్చినవ్? మా భూమి సంగతి, మా వేల్పు సంగతి. మీ దేవుని పాట పాడనీకె వచ్చినవా?"

"దేవుని మాట ఒక్కటి కూడ అన. బోరింగు దాకా రాండ్రి, అక్కడ చెప్త."

పటేలు తల ఊపాడు. అందరూ వచ్చారు. మెయిన్ స్విచ్చి వేయించి, మీటరు పెట్టి ముల్లు లేవడం చూపించాను. స్విచ్చి తీయించి, పడిపోవడం చూపించాను. పటేలు కళ్లు చికిలించి చూసి గడ్డం గోక్కున్నాడు.

"తాతా, నీ డబ్బా నీ మాట ఇంటది. మా మాట ఇంటదా?"

"సరే, డబ్బా వద్దు. నా చెయ్యి పెడ్త. మీలో ఎవలన్న షెడ్డులకు పోయి స్విచ్చి ఏస్తుండ్రి, తీస్తుండ్రి. నేను అటు తిరిగి నిలబడ్త. కరెంటు ఉన్నదో లేదో చెప్త. ఒక్కసారి తప్పు చెప్పినా మీ ఇష్టమొచ్చినట్టు చేయుండ్రి."

"కూలరు సప్పుడు ఇనబడదా ఏంది!" అంది అత్త వెంటనే. "గంత పిచ్చోళ్లమా మేము?"

నిజానికి ఆ మాట నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చప్పుడు చేయనిది కావాలి. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం గంపలో పెట్టే నూరు వాట్ల పాతకాలపు బల్బులు ఒకరింట్లో రెండున్నాయంటే తెప్పించాను. మిగతా తీగలన్నీ ఊడదీసి ఆ రెండే పెట్టాను. మనసులో లెక్క వేసుకున్నాను. ఒక్కో బల్బు అడ్డు ఐదువందల ఇరవై తొమ్మిది ఓములు. రెండూ పక్కపక్కన కడితే అందులో సగం, దానికి భూమి అడ్డు ఇరవై ఐదు కలపాలి. సుమారు సున్నా పాయింటు ఎనిమిది ఆంపియర్లు వస్తుంది. బోరింగు మీద ఇరవై వోల్టులు, నా కాళ్ల దగ్గరికి పదహారు. ఒంట్లోంచి పదమూడు మిల్లీ ఆంపియర్లు. నొప్పి పుడుతుంది, ప్రాణం తీయకూడదు. డెబ్బై దాటిన గుండె సంగతి ఆ పుస్తకంలో లేదు. ఉంటే ఆ చివరి పుటల్లో ఉండి ఉండాలి.

"స్విచ్చి కాడ నువ్వే కూసోమ్మా," అన్నాను అత్తతో.

ఆమె ఎన్నడూ మా షెడ్డు గడప తొక్కలేదు. పటేలు వైపు చూసింది. "పో," అన్నాడు. చెప్పులు విడిచి లోపలికి పోయింది. రేకుల తలుపు మూశారు. పటేలు తలుపు సందులోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. నేను చెప్పులు విడిచి, ఆ పిల్ల నిలబడే బురదలోనే నిలబడ్డాను. బిందెడు నీళ్లు కాళ్లమీద, చేతులమీద పోసుకున్నాను. పిడికిలితో పట్టుకోకూడదు, పట్టుకుంటే బిగుసుకుంటుంది. చేతి వెనక భాగాన్ని హ్యాండిలుకు ఆనించాను. మా పనివాళ్లకు అది మొదటి పాఠం.

"చెప్పు తాతా," అన్నాడు పటేలు.

"లేదు."

కాసేపటికి, "ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

మోచేతి దాకా ఎవరో నరాన్ని పట్టి మెలిపెట్టినట్టయింది. "ఉన్నది! తియ్యమను, తియ్యమను!"

ఏడుసార్లు అడిగించాడు. ఏడుసార్లూ సరిగా చెప్పాను. ఆరోసారి అత్త కావాలనే స్విచ్చిని అలాగే ఉంచింది. నేను చెయ్యి లాగేసుకుని కూలబడ్డాను. ఎవరో నీళ్లు ఇచ్చారు. లేచి ఏడోది కూడా చెప్పాను. ఆమె బయటికొచ్చి నా ముఖం చూసింది, తన చేతిని చూసుకుంది.

"అయితే కరెంటే," అంది. ఆ తర్వాత గొంతు పెంచి, "అయితే ఎవలు కట్టిండ్రు గా తీగె? ఎవని పని?"

మా ఆరిళ్లవాళ్లు నేలచూపులు చూస్తున్నారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వద్దన్నట్టు తల ఊపింది.

"నేను," అన్నాను.

ఆ తర్వాత ఎవరు ఏం తిట్టారో రాయను. అన్నీ పడదగినవే. ఒక ముసలాయన మాత్రం, "నీ సదువుల మన్ను పొయ్య" అన్నాడు. ఆ మాటను నేను కాదనలేను. పటేలు అందరినీ ఊరుకోబెట్టాడు. లైనుమనుతో తన ఫోను నుంచే మాట్లాడి, వాడు వచ్చేదాకా షెడ్డు మెయిన్ స్విచ్చి వేయకూడదన్నాడు. తీగను అందరి ముందే నాతో తెంపించాడు. అప్పుడు గాని ఆ పిల్ల మాటకు రాలేదు.

"కోడలి తప్పేం లేదు. ఎటూ పంపుడు లేదు," అన్నాడు. అత్త వైపు తిరిగి, "ఇన్నవా?"

"ఇన్న," అంది అత్త. "రేపటి సంది బోరింగు కాడికి రమ్మనుండ్రి. నేనొద్దన్ననా?"

అందరూ లేచి కదలబోయారు. నేనూ మీటరు సర్దుకున్నాను. అప్పుడు మాట్లాడింది ఆ పిల్ల. అంతసేపూ ఆమె నోరు తెరవలేదు, ఎవరూ తెరవమని అడగనూ లేదు.

"నేను రాను."

"ఏంది?" అన్నాడు పటేలు.

"ఇరవై రెండు దినాలు వాగు నీళ్లు మోసిన. దినానికి ఆరు బిందెలు. ఎండల, ఉత్త కాళ్లతోని. ఎదురొస్తే మీరు పక్కకు జరిగిండ్రు. ఇంగ రమ్మంటే వస్తనా? ఇరవై రెండు దినాలు నా నీళ్లు మీరు మోసుకరాండ్రి. అప్పుడు వస్త."

"ఎవలు మోస్తరమ్మా?"

"కట్టినోడున్నడు," అని నా వైపు చూపింది. "కొరికిందన్నోళ్లున్నరు," అని అత్త వైపు చూపింది.

"అత్తతోని నీళ్లు మోపిస్తవానే?" అంది అత్త.

"అవ్," అంది ఆ పిల్ల.

నవ్వు వినపడుతుందనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పటేలు కండువా దులిపి భుజాన వేసుకుని, "మోయుండ్రి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బిందె పట్టుకుని వాగు దారి పట్టాను. కొంత దూరం పోయాక వెనక గొణుగుడు వినిపించింది. అత్త వస్తోంది. "నీ ఐదు చుట్లు నా మెడకు చుట్టుకున్నయ్," అంది నన్ను దాటిపోతూ. వాగులో నీళ్లు పారడం లేదు, ఇసుకలో చెలిమె తోడుకోవాలి. మాకు తోడుకోవడం కూడా రాలేదు. ఆత్రంగా ముంచితే బురద తేలింది. ఆ పిల్ల గట్టున నిలబడి చూస్తోంది. మాట సాయం చేయలేదు, పోనూ లేదు. నీళ్లు తేరుకునేదాకా ఆగాలని మాకు మేమే తెలుసుకున్నాం. ఆ రోజు మూడు బిందెలు నావి, మూడు ఆమె అత్తవి. నేను నెత్తిన పెట్టుకోలేను, భుజం మీద పెట్టుకుంటే ఇంటికి చేరేసరికి సగం ఒలికేది. ఒలికిన బిందెను ఆ పిల్ల లెక్కలో వేయలేదు. మళ్లీ పోయి తెచ్చాను.

నాలుగో రోజున లైనుమను వచ్చి న్యూట్రల్ తీగ కలిపాడు. బోరింగు మీద మీటరు పెడితే ముల్లు కదల్లేదు. షెడ్డులో కూలరు గిర్రున తిరిగింది. అయినా ఆ పిల్ల బోరింగు వైపు రాలేదు. పదకొండో రోజున అత్తకు నడుం పట్టేసింది. నాకు తెలిసి అది దొంగనొప్పి కాదు. మిగిలిన రోజుల్లో ఆ మూడు బిందెలు మా ఆవిడ మోసింది. వాగు దాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచేది.

ఇరవై మూడో రోజు పొద్దున నేను మా బిందె నింపుకోవడానికి బోరింగు దగ్గరికి పోయేసరికి ఆడవాళ్లు అప్పటికే వరసలో ఉన్నారు. అందరికంటే ముందు, గచ్చు మీద, ఆ పిల్ల నిలబడి ఉంది. ఉత్త కాళ్లే. వేల్పు పండుగ ఇంకా కాలేదు. ఒక క్షణం ఆగింది, ఆ క్షణం నాకు చాలా పొడుగైంది. ఆ తర్వాత రెండు చేతులతో హ్యాండిలు పట్టి కొట్టడం మొదలుపెట్టింది. నీళ్లు ఎండాకాలంలో అంత తొందరగా పైకి రావు. అది ఖాళీగా గరగరలాడుతుంటే వెనక నుంచి ఒకావిడ విసుక్కుంది.

"జల్దీ కానియ్యే తల్లీ, ఎనుక మేం లేమా?"

"ఆగుండ్రి," అంది ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే, కొడుతూనే.